లేత ఎముక - మార్చిన స్నాయువు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)

 

శరీరశాస్త్రము పండితుల సొత్తనియు, శస్త్రచికిత్స పట్టణపు ఆసుపత్రుల సొత్తనియు తలచుట లోకమునందు కలదు. కాని అవిటి కాలుగల బిడ్డను భుజముపై వేసికొని ఆసుపత్రికి వచ్చిన తల్లిదండ్రులతో వైద్యుడు "ఈ స్నాయువును ఇచ్చటినుండి తీసి అచ్చట కట్టవలెను, ఈ వయస్సుననే కట్టవలెను" అనియో, "ఇంకను రెండేండ్లు ఆగవలెను" అనియో చెప్పినప్పుడు, ఆ మాటకు అర్థమేమో తెలియకయే వారొక నిర్ణయమునకు రావలసివచ్చును. ఆ నిర్ణయము బిడ్డ నడకను జీవితాంతము శాసించును. తొందరపడినను నష్టము కలదు, జాగు చేసినను నష్టము కలదు. ఆ నష్టమెట్టిదో, దానికి మూలము లేత ఎముక స్వభావమునందెట్లున్నదో వివరించుటయే ఈ ప్రసంగోద్దేశము.

స్నాయువు - దాని పని

కండరము సంకోచించుటచేతనే ఎముక కదలును. పెక్కు కండరముల కొసలు తెల్లని గట్టి త్రాళ్లవలె సన్నగిల్లి ఎముకలకు అతుకుకొనియుండును. ఆ త్రాటికే స్నాయువని పేరు. మడమ వెనుక వ్రేళ్లతో తడిమినచో చేతికి తగులు బలమైన త్రాడు అట్టిదే. వాడుకలో దీనిని నరమందురు. వైద్యశాస్త్రమున నరమనగా మెదడునుండియు వెన్నుపామునుండియు ఆజ్ఞలను గొనిపోవు తంతువు. నరము ఆజ్ఞ తెచ్చును, కండరము లాగును, స్నాయువు ఆ లాగుడును ఎముకకు చేర్చును.

ప్రతి కీలునకును ఒకదానికొకటి ఎదురుగా లాగు కండరములు కలవు. కాడికి కట్టిన జత యెద్దులవలె అవి సరిసమానముగా లాగినంతకాలము బండి తిన్నగా పోవును. ఒక యెద్దు చతికిలబడి రెండవది మాత్రము లాగుచున్నచో బండి ప్రక్కకు తిరుగును. పాదమును పైకెత్తు కండరము పడిపోయినను, లోపలికి త్రిప్పు కండరము మాత్రమే మిగిలినను పాదమునకు కలుగునది అట్టి గతియే.

శరీరమునందు ఒకే పనికి ఇద్దరు ముగ్గురు పనివాండ్రున్న చోటులు కలవు. అట్టి చోటునుండి ఒకనిని తప్పించి, పనివాడే లేని చోట నిలుపుటయే స్నాయువు మార్పిడి. శస్త్రవైద్యుడు స్నాయువు కొసను దాని సహజ స్థానమునుండి విడదీసి, చర్మము క్రిందుగా క్రొత్త మార్గమున నడిపి, వేరొక ఎముకకు బిగించును. ఇందుకు కొన్ని నియమములు కలవు. మార్చబడు కండరము బలమైనదై యుండవలెను. ఏలయన కండర బలమును అయిదు మెట్లుగా లెక్కించినచో, మార్పిడిచేత అది సాధారణముగా ఒక మెట్టు దిగును. కదలింపవలసిన కీలు బిగిసిపోయి యుండరాదు. బిగిసిన కీలును ముందుగా సాగదీయవలెను. ఎముకయే వంకరగా స్థిరపడియున్నచో స్నాయువు దానిని సరిచేయజాలదు.

ఈ చికిత్స పుట్టుక

ఈ విద్యను వైద్యులకు నేర్పినది ముఖ్యముగా పోలియో వ్యాధి. శిశుపక్షవాతమని పేరొందిన ఈ జాడ్యము వెన్నుపాములో కండరముల నాజ్ఞాపించు కణములను చంపును. ఏ కణములు చచ్చునో వాని కండరములే పడిపోవును; ప్రక్క కండరములు చెక్కుచెదరక నిలువవచ్చును. ఒకే కాలియందు బలవంతులును నిర్బలులును ఇరుగుపొరుగున నుండుటచేత, ఉన్నవానిచే లేనివాని పని చేయింపవచ్చునను ఆలోచన కలిగెను. ఆస్ట్రియా దేశపు శస్త్రవైద్యుడు కార్ల్ నికోలడోని 1880వ దశకారంభమున, పిక్క కండరము పడిపోయిన కాలియందు ప్రక్క కండరముల స్నాయువులను మడమ స్నాయువుతో జోడించెను. 1916లో జర్మనీకి చెందిన కొన్రాడ్ బీసాల్స్కీయు, అమెరికాకు చెందిన లియో మేయరును కలిసి, స్నాయువును దాని సహజమైన బిగువు చెడకుండ, అది జారుటకు వీలైన మార్గమున మార్చు విధానమును గ్రంథముగా ప్రకటించిరి. భారతదేశమున వేలూరి క్రైస్తవ వైద్య కళాశాలలో పాల్ బ్రాండ్ 1940వ దశకపు చివరి యేండ్లలో, కుష్ఠువ్యాధిచే వ్రేళ్లు ముడుచుకొనిపోయిన చేతులకు ఈ చికిత్సను వర్తింపజేసి, ఎందరికో చేతిపని మరల దక్కునట్లు చేసెను.

పెరుగుదల ముగిసినవారి యందు ఎముక పాతిన గుంజ వంటిది. త్రాటిని ఎచ్చట కట్టినను గుంజ మారదు. పిల్లలయందు ఆ గుంజయే పెరుగుచుండును. క్రొత్త త్రాడు తనను ఎటు లాగునో దానినిబట్టి తన ఆకృతినే మార్చుకొనును. చిన్నపిల్లల స్నాయువు మార్పిడిలోని మేలును కీడును ఈ ఒక్క విషయమునుండియే పుట్టుచున్నవి.

లేత ఎముక స్వభావము

పుట్టిన శిశువు పాదమును ఎక్స్-రే తీసినచో మడమ ఎముకయు, దానిపై కూర్చున్న చీలమండ ఎముకయు, పొడవైన సన్న ఎముకలును కనబడును. పాదము నడుమ భాగము చాలవరకు ఖాళీగా కనబడును. అచ్చట ఏమియు లేదని కాదు. అచ్చటి ఎముకలు ఇంకను మృదులాస్థి రూపమున, తాటిముంజవలె మెత్తగా నున్నవి. ఏండ్లు గడచినకొలది ఒక్కొక్కదాని నడుమ గట్టి ఎముక బీజము పుట్టి చుట్టును వ్యాపించును. పడవ ఆకృతిగల ఎముక సుమారు మూడవ యేటగాని గట్టిపడ నారంభింపదు. పాదము త్వరగా పెరుగు అవయవము. పెద్దయినప్పటి పొడవులో సగము బాలికలకు సుమారు ఏడాదికే, బాలురకు సుమారు ఏడాదిన్నరకే వచ్చును. పొడవైన ఎముకల కొసలయందు పెరుగుదల ఫలకములు కలవు. ఎముక పొడవగుట వానివలననే.

ఈ ఫలకములు ఒత్తిడికి లోబడును. జర్మన్ వైద్యులు కార్ల్ హ్యూటర్, రిచర్డ్ ఫాన్ ఫోక్మాన్ 1862లో వేర్వేరుగా ఒక సత్యమును గుర్తించిరి: మితిమీరిన ఒత్తిడి పడిన వైపున పెరుగుదల మందగించును, ఒత్తిడి తగ్గిన వైపున హెచ్చును. 1892లో జూలియస్ వోల్ఫ్, ఎముక తనపై పడు బరువునుబట్టి తన లోపలి కట్టడమును మార్చుకొనునని తన గ్రంథమున నిరూపింపజూచెను. వీరికంటె ముందే, 1741లో, ఫ్రాన్సు దేశపు నికొలా ఆంద్రీ గ్రీకు భాషలోని రెండు పదములను కలిపి ఈ శాస్త్రమునకు ఆర్థోపెడిక్స్ అను నామమునకు మూలమైన పేరు పెట్టెను. అందొక పదమునకు తిన్ననిదనియు, రెండవదానికి బిడ్డయనియు అర్థము. వంకర చెట్టును నిటారు గుంజకు త్రాటితో కట్టిన బొమ్మ ఆయన గ్రంథమునందు కలదు. అది నేటికిని ఎముకల వైద్యుల గుర్తుగా నిలిచియున్నది.

మొక్కై వంగనిది మానై వంగునా యన్నది తెలుగువారి సామెత. బిడ్డ ఎముకకు ఈ మాట అక్షరాల సరిపడును. కాని దీనికి రెండవ వైపును కలదు: మొక్క మంచివైపునకు వంగినంత సులభముగనే చెడువైపునకును వంగును. త్రాడు కట్టువాడు ఈ రెంటిని తలచుకొని కట్టవలెను.

మడమ, చీలమండ

మడమ ఎముక వెనుక అంచున పిక్క స్నాయువు అతుకుకొను చోట ఒక పెరుగుదల భాగము కలదు. పోలియోచే పిక్క పడిపోయిన బిడ్డకు అచ్చట లాగుడు తగ్గిపోవును. పాదమును పైకెత్తు కండరములు ఎదురులేక లాగుచుండును. అడుగు వేసినప్పుడెల్ల మడమ మాత్రమే నేలను తాకును. ఇట్లు పెరుగుచు పెరుగుచు మడమ ఎముక వెనుకకు సాగక నిటారుగా నిలిచి, పిస్తోలు పిడివలె తయారగును. ఈ వికారము వేగముగా ముదురును. తక్కిన పోలియో వికారములలో కొన్ని ఆగగలవు, ఇది ఆగదు. కావుననే పని చేయుచున్న కండరముల స్నాయువులను మడమకు మార్చు చికిత్సను, బలము తిరిగివచ్చునను ఆశ తీరిన వెంటనే, ఎముక పూర్తిగా వంకరపడక మునుపే చేయవలెనని వైద్యులు నిర్ణయించిరి. వ్యాధి వచ్చిన తరువాత కండరములు తమంతట తేరుకొనుటకు ఏడాదిన్నర, రెండేండ్లు పట్టును. అంతవరకు మాత్రము ఆగవలెను.

చీలమండ విషయము ఇంకను చిత్రమైనది. పిక్క పడిపోయిన కాలియందు వెలుపలి సన్న ఎముక పొట్టిగా మిగిలి, చీలమండ వెలుపలికి ఒరుగుట కలదు. అమెరికా వైద్యుడు విల్బర్ వెస్టిన్ మొదలగువారు మడమ స్నాయువును ఆ సన్న ఎముకకే బిగించి కట్టిరి. ఇది కండరము చేయు పనిని మార్చుట కాదు, స్నాయువును కట్టుగొయ్యకు కట్టుట వంటిది. బిడ్డ అడుగు వేసినప్పుడెల్ల ఆ స్నాయువు సన్న ఎముకను క్రిందికి లాగును. పెరుగుదల ఫలకము తెరచియున్న పిల్లలయందు ఆ ఎముక క్రమముగా పొడవై, ఒరిగిన చీలమండ సమతలమునకు వచ్చుట కానవచ్చినది. ఫలకము మూసికొనిన పిమ్మట ఇదే చికిత్స చేసినను ఈ లాభము కలుగదు. ఒక త్రాటి లాగుడు ఎముక పొడవును సహితము మార్చగలదనుటకు ఇంతకంటె స్పష్టమైన నిదర్శనము అరుదు.

తుంటి, భుజము

అన్ని చోటులందును ఇట్టి విజయము దొరకలేదు. వెన్నెముక సరిగా మూసికొనక పుట్టిన కొందరు పిల్లలకు తొడను ముందుకు మడుచు కండరములు పనిచేయును. ప్రక్కకు ఎత్తునవి పనిచేయవు. పుట్టిన శిశువుకు తొడ ఎముక మెడ, కాండముతో సుమారు 150 డిగ్రీల కోణమున నుండి, పెద్దయగుసరికి 125-130 డిగ్రీలకు దిగవలెను. ఈ పిల్లలకది దిగదు. తుంటి గిన్నెయు లోతుపడదు. తుదకు కీలు తొలగును. కెనడాకు చెందిన విలియం మస్టర్డ్ 1952లోను, ఇంగ్లండుకు చెందిన షారర్డ్ 1964లోను, ముందుకు మడుచు కండరపు స్నాయువును తొడ ఎముక వెలుపలి బొడిపెకు మార్చు విధానములను ప్రకటించిరి. కండరములు సమమైనచో ఎముకయు సక్రమముగా పెరుగునని ఆశించిరి. ఆశ కొంతవరకే ఫలించెను. ఎముకను గిన్నెను కూడ సరిచేయనిదే మార్పిడి యొక్కటియే చాలదని అనుభవము చెప్పెను. కొందరు పిల్లలకు నడక, కీలు గిన్నెలో నుండుటపై అంతగా ఆధారపడియుండదనియు తరువాత తేలెను. నాడు విరివిగా జరిగిన ఈ చికిత్స నేడు చాల తగ్గిపోయినది.

భుజము చెప్పు పాఠము మరింత సూక్ష్మమైనది. కష్టప్రసవములో శిశువు భుజము చిక్కుకొనినప్పుడు మెడనుండి చేతికి పోవు నరములు సాగి దెబ్బతినుట కలదు. చాలమందికి కొన్ని నెలలలో బలము తిరిగివచ్చును. రానివారియందు చేతిని లోపలికి త్రిప్పు కండరములు బలముగను, వెలుపలికి త్రిప్పునవి బలహీనముగను మిగులును. చేతి ఎముక గుండ్రని తల ఎడతెగక వెనుకకు ఒత్తుచుండుటచే భుజపు గిన్నె వెనుక అంచు అరిగి చదునగును; గుండ్రని తలయు చపటయగును. చేతిని లోపలికి త్రిప్పుచున్న వీపు కండరమును వెలుపలికి త్రిప్పునట్లు మార్చుటయే దీనికి చికిత్స. అమెరికాలోని బోస్టనులో పీటర్ వాటర్స్, డొనాల్డ్ బే ఇట్టి పిల్లల కీళ్లను పరీక్షించి 2005లో ఫలితములు ప్రకటించిరి: చేయి మెరుగుగా పనిచేసెను, ఎముక మరింత చెడుట ఆగెను, అంతకుమునుపే చెడిన ఆకృతి మాత్రము చెప్పుకోదగినంత బాగుపడలేదు. 2008లో వారే, స్నాయువును మార్చుటతోపాటు తొలగిన కీలును గిన్నెలోనికి తిరిగి చేర్చిన పిల్లలయందు గిన్నె ఆకృతి బాగుపడ నారంభించినదని చూపిరి.

ఈ రెండు అనుభవములును చెప్పునది ఒక్కటియే. క్రొత్త లాగుడు లేత ఎముకను దిద్దగలదు. కాని కీలు తన చోటున కుదురుకొనియున్నప్పుడే దిద్దగలదు. గిన్నె ఒకచోట, తల వేరొకచోట నున్నప్పుడు ఎంత చక్కగా కట్టిన త్రాడైనను చెడుటను ఆపునే గాని, చెడినదానిని బాగుచేయదు.

వంకర పాదము

భారతదేశమునందు నిసర్గ పోలియో వైరసు వలని చివరి కేసు 2011 జనవరి 13న హౌరా జిల్లాలో కనబడెను. 2014 మార్చి 27న ఈ ప్రాంతము పోలియోరహితమని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువపరచెను. పోలియో నేర్పిన విద్య మాత్రము పనికిరాకుండ పోలేదు. పుట్టుకతో పాదము లోపలికి తిరిగియుండు వికారము వేయి జననములలో సుమారు ఒకటి రెండింట కనబడును. స్పెయిను దేశమున పుట్టి, అంతర్యుద్ధమున దేశము విడిచి అమెరికాలోని అయోవాలో స్థిరపడిన ఇగ్నాసియో పాన్సెటి దీనికొక పద్ధతిని రూపొందించెను. పుట్టిన కొలది వారములకే పాదమును మెల్లగా త్రిప్పి వారమువారము పిండికట్టు మార్చుదురు. అయిదారు కట్లతో చాలవరకు పాదము తిన్ననగును. మడమ స్నాయువు పొట్టిగా నున్నచో దానిని చిన్న గాటుతో తెంపుదురు. మూడు వారములలో అది పొడవుగా తిరిగి అతుకుకొనును. అటుపిమ్మట మొదట సుమారు మూడు నెలలు రేయింబవళ్లును, ఆపైన నాలుగేండ్ల వయస్సు వరకు రాత్రులయందును కడ్డీ బూట్లు తొడుగవలెను.

బూట్లు మానివేసిన పిల్లలలో పెక్కుమందికి పాదము మరల లోపలికి తిరుగును. ఎదురులేని ముందరి కండరము పాదమును లోపలికి ఎత్తుచుండుటయే అందుకొక కారణము. అట్టివారికి మరల పిండికట్లు వేసి పాదమును తిన్నచేసి, ఆ కండరపు స్నాయువును పాదము నడుమనున్న మూడు చీలాకృతి ఎముకలలో వెలుపలిదానికి మార్చుదురు. అంతవరకు వికారమును పెంచుచుండిన బలమే ఇప్పుడు దానిని నివారించును. సాధారణముగా అటుపై బూట్ల అవసరముండదు.

దీనికి వయోనియమము కలదు. వెలుపలి చీలాకృతి ఎముకలో గట్టి బీజము ఎక్స్-రేలో కనబడినగాని ఈ మార్పిడి చేయరాదు. సుమారు రెండున్నర యేండ్లు దాటవలెను. ఏలయన స్నాయువును ఎముకలో చేసిన రంధ్రమునందు నాటుదురు. ముంజవంటి మృదులాస్థిలో రంధ్రము చేసినచో స్నాయువునకు పట్టు చిక్కదు. ఎముక పుట్టవలసిన చోటు గాయపడును. "ఇంకను ఆగవలెను" అను వైద్యుని మాటకు అర్థమిది. స్నాయువును మరింత వెలుపలికి కట్టరాదనుటకును కారణము కలదు: అట్లు కట్టినచో పాదము క్రమముగా వెలుపలికి ఒరిగి, ఒక వంకరకు బదులు మరియొక వంకర వచ్చును.

అతి చేసినచో

మెదడు దెబ్బతిని కండరములు బిగుసుకొను పిల్లలయందు ఈ భయము ఇంకను హెచ్చు. లోపలికి లాగు స్నాయువును మొత్తముగా ఎదుటి వైపునకు మార్చినచో, కొన్నేండ్లకు పాదము వెలుపలికి కూలుట కానవచ్చినది. కావున స్నాయువును నిలువుగా చీల్చి, సగమును దాని చోటనే యుంచి, సగమును మాత్రమే ఎదుటి వైపునకు కట్టు పద్ధతి వాడుకలోనికి వచ్చెను. పగ్గమును రెండుగా చీల్చి ఇరువైపుల కట్టినచో పశువు ఏ ప్రక్కకును పోదు గదా!

మోకాలు మరియొక హెచ్చరిక చేయును. మోకాలి చిప్ప మాటిమాటికి తొలగువారికి, చిప్ప స్నాయువు అతుకుకొనిన ఎముక ముక్కను స్నాయువుతో సహా లోపలివైపునకు జరుపు చికిత్స కలదు. పెరుగుదల ముగిసినవారికి అది పనికివచ్చును. పెరుగుచున్న పిల్లలకు చేసినచో ముందువైపు పెరుగుదల ఫలకము గాయపడి మూసికొనిపోవును. వెనుకవైపు పెరుగుచునే యుండును. కొన్నేండ్లకు మోకాలు వెనుకకు వంగును. కావున పిల్లలకు ఎముకను ముట్టక, మెత్తని భాగములతోనే సరిచేయుదురు.

జాగు చేసినవారికి ఎదురగు కష్టము వేరు. పాదపు ఎముకలు వంకరగా గట్టిపడిన పిమ్మట మిగులు మార్గములు ఎముకను కోసి సరిచేయుటయో, మూడు కీళ్లను ఒకటిగా అతికించుటయో అగును. ఈ రెండవదానిని పది పండ్రెండేండ్ల లోపు చేసినచో పాదము పొట్టిపడును; చేసిన తరువాత ఆ కీళ్లకు కదలిక యుండదు. తగిన వయస్సున ఒక స్నాయువును మార్చినచో తీరిపోవు పనికి, ఆలస్యమువలన మూడు కీళ్లను వెచ్చింపవలసివచ్చును.

తల్లిదండ్రులు చేయదగినది

పుట్టిన బిడ్డ పాదమును, చేతిని, వెన్నును మొదటి రోజుననే చూచుట గృహస్థుల పని. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమమునందు పుట్టుకతో వచ్చు లోపములను గుర్తించి చికిత్సకు పంపు ఏర్పాటు కలదు. వంకర పాదము ఆ జాబితాలోనిదే. పెద్దయిన తరువాత తానే సరియగునని ఇరుగుపొరుగువారు చెప్పుమాటను నమ్మరాదు.

స్నాయువు మార్పిడి చేయవలెనని వైద్యుడు చెప్పినప్పుడు కొన్ని ప్రశ్నలు అడుగుట అవిధేయత కాదు. ఎముక వంకర ఇంకను చేతితో సరియగుచున్నదా, గట్టిపడినదా? కీలు తన చోట నున్నదా? మార్చబోవు కండరమునకు బలమెంత? క్రొత్త లాగుడు ఏండ్లు గడచినకొలది ఎముకను ఎటు పెంచును? ఎన్ని యేండ్లు చూపించుచుండవలెను? సద్వైద్యుడు ఈ ప్రశ్నలకు సంతోషముతో బదులు చెప్పును.

చికిత్స పిమ్మట సాధారణముగా ఆరు వారములు పిండికట్టు ఉండును. కట్టు విప్పిన నాటినుండి కండరము తన క్రొత్త పనిని నేర్చుకొనవలెను. చిన్నబిడ్డకు ఆటలే అందుకు బడి. కట్టు విప్పుటతో పని ముగిసినదని తలచుటయే అందరును చేయు పొరపాటు. కాలి ఎముకల పెరుగుదల బాలికలకు సుమారు 14 ఏండ్లకు, బాలురకు సుమారు 16 ఏండ్లకు ముగియును. అంతవరకు ఆ స్నాయువు రాత్రింబవళ్లు ఎముకను తీర్చుచునే యుండును. నేడు తిన్నగా నున్న పాదము నాలుగేండ్లకు ఒరుగవచ్చును. తొలిదశలో పసిగట్టినచో చిన్న చికిత్సతో నిలుచును.

ఈ గ్రంథాలయము 25 ఏండ్లు నిండించుకొని, ఇంకను పెరుగుటకు కాలము గలిగియున్నది. బిడ్డ ఎముకకు అంత గడువు లేదు. దానికి దొరకు పదునాలుగు, పదునారేండ్లలో మొదటి నాలుగైదే మిక్కిలి విలువైనవి. ఈ సంగతి తెలిసిన ఒక పాఠకుడు తన వీథిలోని ఒక్క తల్లికి సకాలమున చెప్పగలిగినచో, ఈ సభలో గడపిన గంట సార్థకమగును.